కంటి మీద స్కాన్ చాలదా?

ప్రశ్న: బైక్ మీంచి పడి తలకు దెబ్బ తగిలిన మా తమ్ముడికి ఐసీయూలో ముందు కంటి మీద అల్ట్రాసౌండ్ చేసి, మెదడులో ఒత్తిడి పెరిగిందన్నారు. మళ్లీ పుర్రెకు రంధ్రం చేసి సెన్సర్ పెట్టారు. స్కాన్‌తోనే తెలిసినప్పుడు ఆ రంధ్రం దేనికి? బిల్లు కోసమేనని మావాళ్ల అనుమానం.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ స్కాన్ ఒత్తిడిని నేరుగా కొలవదు. ఒత్తిడి వల్ల వచ్చిన మార్పును చూసి అంచనా కడుతుంది. మెదడును కప్పిన పొరలూ, వాటి మధ్య నీరూ కంటి నరం వెంట కనుగుడ్డు వెనక దాకా వస్తాయి. తలలో ఒత్తిడి పెరిగితే ఆ నరం తొడుగు ఉబ్బుతుంది. కనుగుడ్డుకు 3 మి.మీ. వెనక దాని వెడల్పు చూస్తారు. ఎంత దాటితే ప్రమాదమన్న దగ్గరే చిక్కు. ఒక్కో అధ్యయనం 5, 6 మి.మీ. మధ్య ఒక్కో హద్దు చెప్పింది. ప్రోబ్ కాస్త వంగినా ఆ కొలత మారిపోతుంది. మరో దారిగా, కణత ఎముక గుండా మెదడులో రక్తవేగం చూసే డాప్లర్ స్కాన్ 1982 నుంచీ ఉంది. కానీ కొందరిలో ఆ ఎముక దాటి ధ్వని లోపలికి పోదు, రక్తపోటు మారినా లెక్క మారుతుంది.

పడుకున్న పెద్దవాళ్లలో ఈ ఒత్తిడి మామూలుగా 7 నుంచి 15 మి.మీ. పాదరసం ఉంటుంది. 22 దాటితే చికిత్స చేయాలని అమెరికాలోని బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ 2016లో సూచించింది. మత్తు పెంచాలా, మానిటాల్ మందు ఇవ్వాలా, ఎముక తీసి మెదడుకు చోటివ్వాలా అన్నవి రాత్రీ పగలూ తేల్చుకోవాల్సిన విషయాలు. అప్పుడప్పుడు తీసే స్కాన్ అంచనా మీద వాటిని నడపడం కష్టం. మెదడు గదుల్లోకి వేసే గొట్టమైతే ఒత్తిడి చెప్పడమే కాక, నీరు బయటికి తీసి దాన్ని తగ్గిస్తుంది కూడా.

బొలీవియా, ఈక్వడార్‌లలో 324 మందిపై జరిపి 2012లో ప్రకటించిన పరిశోధనను చూపి సెన్సరే దండగ అనేవారున్నారు. సెన్సర్ అంకెను బట్టి చికిత్స పొందినవారికీ, అది లేకుండా పొందినవారికీ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా అక్కడ కనిపించలేదు. నిజమే. అయితే సెన్సర్ లేనివారికీ నిర్ణీత పద్ధతిలో పదేపదే సీటీ తీసి ముమ్మరంగా వైద్యం చేశారు. అంకె ఒక్కటే ప్రాణం నిలబెట్టదని తేలిందే తప్ప, కంటి స్కాన్ చాలునని కాదు. సెన్సర్‌తో ఇన్ఫెక్షన్, రక్తస్రావం భయం ఉన్నమాటా వాస్తవమే. అందుకే రక్తం సరిగా గడ్డకట్టని రోగికీ, న్యూరోసర్జన్ లేని ఊళ్లో ఎవరిని ముందు పెద్దాసుపత్రికి పంపాలో తేల్చడానికీ అల్ట్రాసౌండ్ ఎంతో విలువైనది. ఆ మెషిన్ జిల్లా ఆసుపత్రుల్లో ఉంటుంది, దీనికి వాడటం నేర్పాలి.

స్కాన్ తర్వాత సెన్సర్ పెట్టినంత మాత్రాన మోసమనుకోకండి. అనుమానం తీరాలంటే డిశ్చార్జి కాగితాలు తీసుకెళ్లి, సీటీలో ఏం కనిపించింది, సెన్సర్ అంకె చూసి చికిత్సలో ఏం మార్చారు అని ఆ డాక్టర్నే అడగండి.