చెయ్యెత్తే హక్కు ఒడ్డున కూడా ఉంది

చి. బుజ్జికి,

హుస్సేన్ సాగర్‌లో మీ రోయింగ్ క్లబ్బు అమ్మాయిల జట్టు బాధ్యత నీకు అప్పగించారని అక్క ఫోన్‌లో చెప్పింది. సంతోషం. ఒకమ్మాయి నీతో ఏదో చెప్పుకుందనీ, పెద్దవాళ్లు "పెద్దది చెయ్యకు, సర్దుకుపొమ్మను" అంటున్నారనీ కూడా చెప్పింది. ఎవరని, ఏమిటని నేనడగను. ఇకమీదట ఇంట్లో కూడా ఆ మాట ఎత్తకు.

మన ఆటలో ఫిర్యాదుకు మంచి పద్ధతే ఉంది. రేసులో అన్యాయం జరిగిందనుకున్న జట్టు ఫినిష్ దాటాక, అక్కణ్ణుంచి కదలకముందే చెయ్యెత్తుతుంది. అంపైర్ వింటాడు. ఆయన తీర్పు నచ్చకపోతే గంటలోపు డిపాజిట్ కట్టి రాతపూర్వకంగా ప్రొటెస్ట్ ఇవ్వొచ్చు. విచారించేది జ్యూరీ. నెగ్గితే డిపాజిట్ తిరిగొస్తుంది. చెయ్యెత్తిన వాళ్లను ఎవరూ గొడవలమారి అనరు. ఒడ్డెక్కేసరికి మాత్రం ఈ మర్యాదంతా ఏమైపోతుందో! అక్కడా గడువు, కాగితం, సంబంధం లేని విచారణకర్త ఉండేలా చూడటమే ఇప్పుడు నీ పని.

ముందు ఏది ఏ రకం ఫిర్యాదో వేరుచెయ్యి. "నన్ను పడవలోకి తీసుకోలేదు" అన్నది ఒక రకం. ఎర్గోమీటర్ (తెడ్డు యంత్రం) మీద 2000 మీటర్ల టైమింగులు, సీట్ రేసింగ్ (పడవల్లో మనుషుల్ని మార్చి పోల్చే పోటీ) ఫలితాలు, ఎంపిక లెక్క ముందే నోటీసు బోర్డు మీద పెట్టించు. సగం పేచీలు అక్కడే తీరిపోతాయి.

రెండోది శరీరంతో ఆడుకునే రకం. లైట్‌వెయిట్ విభాగంలో అమ్మాయిలకు పరిమితి 59 కిలోలు. రేసుకు గంట, రెండు గంటల ముందు కాటా ఎక్కాలి. దానికోసం ఎండలో ఒంటికి ప్లాస్టిక్ జాకెట్ తొడుక్కుని, గుక్కెడు నీళ్లు తాగకుండా, పెదాలు పగిలి పరుగెత్తే పిల్లను చూశావుగా. దాన్ని క్రమశిక్షణ అనకు. అది కోచ్ మాట అయినా సరే, రాసి క్లబ్బు కమిటీ ముందు పెట్టు.

మూడోది లైంగిక వేధింపు. ఇది క్లబ్బు కూర్చోబెట్టి రాజీ చేసే విషయం కాదు. పనిచోట వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం స్టేడియాలను, క్రీడా శిక్షణ కేంద్రాలను, పోటీ వేదికలను కూడా పని ప్రదేశాలుగానే లెక్కపెట్టింది. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. క్లబ్బులో అంతర్గత కమిటీ లేకపోతే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల అయితే ఇక ఆలోచనే వద్దు. పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. అందుకే "ఎవరికీ చెప్పను" అని ఏ పిల్లకూ మాటివ్వకు. "చెప్పాల్సినవాళ్లకే చెబుతాను, నీ పక్కనే ఉంటాను" అను.

ఆ అమ్మాయి చెప్పింది ఆమె మాటల్లోనే రాసుకో: తేదీ, వేళ, చోటు, అప్పుడు ఎవరెవరున్నారు. నీ ఊహలు కలపకు. ఆమెకు ఒక నకలు ఇవ్వు. వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టకు. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికీ తన మాట చెప్పుకునే హక్కుంది. తేలేదాకా ఆయన్ని ఆ పిల్లల శిక్షణకు దూరంగా ఉంచమని అడుగు. అది శిక్ష కాదు, జాగ్రత్త. విచారణలో ఆయన స్నేహితులు, శిష్యులు కూర్చోకూడదు.

ఇంటి గుట్టు బయటపడితే ఆట పరువు పోతుందంటారు. 2023లో మన రెజ్లర్ల సంగతి గుర్తుందిగా. లైంగిక వేధింపులకు నిరసనగా జనవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తలుపు తట్టాక గానీ ఎఫ్ఐఆర్ నమోదు కాలేదు. పరువు తీసింది వాళ్లు చెప్పుకోవడం కాదు, వినేవాళ్లు లేకపోవడం. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం సురక్షిత క్రీడా విధానం, ఫిర్యాదుల పరిష్కార వ్యవస్థ ఉండాలంటోంది. సమాఖ్యల స్థాయిలో అది అమలయ్యేదాకా మీ క్లబ్బు ఆగనక్కర్లేదు.

దీనివల్ల నీకు కొందరు దూరమవుతారు. వచ్చే సెలెక్షన్‌లో నీ మాట చెల్లకపోనూవచ్చు. అయినా ఈ ఉత్తరం అందిన రోజే ఆ అమ్మాయితో కూర్చుని, చెప్పినదంతా కాగితం మీద పెట్టించు. గడువు తన దారిన తను నడుస్తుంటుంది.

ఇట్లు,
మామయ్య