మన వీధిలో ఇంటర్నెట్ వ్యాపారం

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందించడం మొదలుపెట్టింది. ప్రైవేటు సంస్థలకు 1998లో అనుమతి వచ్చింది. ఇప్పుడు చిన్న పట్టణాల్లో చాలాచోట్ల కేబుల్ టీవీ నడిపేవారే ఇంటర్నెట్ కూడా ఇస్తున్నారు. తీగలు, ఇంటింటి పరిచయం వారికి ముందే ఉన్నాయి కదా!

ఇంతకీ వారు అమ్మేది ఏమిటి? లెక్క వేసి చూద్దాం. ఒకాయన పెద్ద సంస్థ నుంచి సెకనుకు 1000 మెగాబిట్ల వేగం కొన్నాడనుకుందాం. 100 ఇళ్లకు 50 చొప్పున ఇస్తానన్నాడు. అంటే 5000 కావాలి. ఉన్నది 1000! ఇది మోసమా? కాదు. మనం ఒక పేజీ తెరిచి చదువుతున్నంతసేపూ తీగ దాదాపు ఖాళీగానే ఉంటుంది; ఆ ఖాళీ పక్కింటివారికి పనికొస్తుంది. కానీ రాత్రి 8 గంటలకు అన్ని ఇళ్లలోనూ ఒక్కసారిగా వాడకం పెరిగితే ఇంటికి 10 మాత్రమే దక్కవచ్చు. ఎవరింట్లోనో ఆన్‌లైన్ పాఠం మధ్యలో ఆగిపోతుంది. అందుకే కొత్త కనెక్షన్ ఇచ్చే ముందు రోజు సగటును కాదు, ఆ రాత్రి గంటను చూడాలి. లాభం మీద ఆశ ఉన్నవారికి ఇదే కష్టం.

తక్కువ పెట్టుబడి ఉన్నవారికి 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి ఉంది. టీకొట్టువారు కూడా లైసెన్సు రుసుము లేకుండా వైఫై అమ్మవచ్చు. పరికరం, కనెక్షన్ ఖర్చు మాత్రం తప్పదు. అక్కడ 100 మెగాబిట్లు, 40 ఫోన్లు ఉంటే? భాగించి చూద్దాం.