టీచరు చేతికి ఒక కాగితం ఇవ్వండి

జూన్‌లో బడులు తెరుస్తారు. ఆటిజం ఉన్న బిడ్డను మామూలు బడిలో చేర్చబోయే తల్లిదండ్రుల్ని చాలామందిని ఒకటే ఆలోచన తొలిచేస్తుంటుంది: ముందే చెబితే సీటు ఇవ్వరేమో, చేరాక మెల్లగా చెబుదాంలే అని. ఆ భయం ఊరికే పుట్టలేదు. ‘ఇలాంటి పిల్లల్ని చూసుకునేవాళ్లు మా దగ్గర లేరండీ’ అన్న మాట ఎందరో విన్నారు. అయినా సరే, దాచకండి. ప్రేయర్ బెల్లు మోగగానే బాబు చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరితే, సంగతి తెలియని టీచరుకు అది అల్లరిగానే కనిపిస్తుంది. దెబ్బ పడేది వాడికి.

చట్టం మీ పక్షాన ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు పొందిన ఏ బడీ వైకల్యం పేరు చెప్పి బిడ్డను కాదనకూడదు. బిడ్డకు అవసరమైన సర్దుబాట్లూ చేయాలి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు కూడా ఉంది. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు జిరాక్సులు దగ్గర ఉంచుకోండి. కానీ హెడ్‌మాస్టర్ గదిలో మొదటి మాటే చట్టం గురించి ఎత్తకండి. సీటు చట్టం ఇప్పిస్తుంది గానీ, రోజంతా బిడ్డను చూసుకునేది క్లాస్ టీచరే. ఆమెను మీ మనిషిగా చేసుకోవాలి.

అందుకు డాక్టరు రిపోర్టు కన్నా మీరు రాసిన అరపేజీ ఎక్కువ పనికొస్తుంది. అందులో ముందుగా వాడికి వచ్చినవి రాయండి: బస్సు నంబర్లన్నీ గుర్తుపెట్టుకుంటాడు, పాట ఒకసారి వింటే పట్టేస్తాడు. తర్వాత రోజువారీ సంగతులు. దాహమేస్తే నోటితో అడుగుతాడా, చెయ్యి పట్టుకుని లాగుతాడా? బాత్రూంకు వెళ్లాలంటే ముందుగా ఏం చేస్తాడు? ఏ శబ్దం పడదు? ఏడ్చినప్పుడు దగ్గరికి తీసుకుంటే ఊరుకుంటాడా, ముట్టుకుంటే ఇంకా ఎక్కువవుతుందా? ఇంట్లో మీరు ఏ మాటంటే కూర్చుంటాడో ఆ మాటే అక్షరం పొల్లుపోకుండా రాయండి. నలభై మంది పిల్లల మధ్య నిలబడ్డ టీచరుకు ఇదే అసలైన సాయం.

మే నెలాఖరున, పిల్లలు లేని వేళ బాబుకు బడి చూపించండి. గేటు, తరగతి, కుళాయి, ముఖ్యంగా బాత్రూం. ఇంట్లో వెస్ట్రన్ టాయిలెట్‌కు అలవాటైన పిల్లలు బడిలో అది లేక సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చుంటారు. ఫోన్లో ఫొటోలు తీసి రోజూ చూపిస్తూ ఉండండి. కొత్త యూనిఫాం రెండు మూడుసార్లు ఉతికి, మెడ దగ్గర గుచ్చుకునే లేబుల్ కత్తిరించి, ఇంట్లోనే తొడిగి అలవాటు చేయండి. లంచ్ బాక్స్ మూత వాడే తీయగలగాలి.

మొదట్లో ఒంటిపూట పంపడం మంచిదే. అయితే రెండు పూటలూ ఎప్పటి నుంచో తేదీ మాట్లాడుకోండి, లేకపోతే ఏడాదంతా ఒంటిపూటే మిగులుతుంది. సాయానికి మనిషిని పెడితే ఆమె కాస్త దూరంగా కూర్చోవాలి. పెద్దవాళ్లు పక్కన అతుక్కుని ఉంటే తోటి పిల్లలు దగ్గరకు రారు. అక్క అదే బడిలో ఉందా? ఇంటర్వెల్లో తమ్ముడి కాపలా ఆ పిల్లకు అప్పగించకండి, ఆమె ఆట ఆమెను ఆడుకోనివ్వండి. ప్రభుత్వ బడి అయితే మండలంలోని భవిత కేంద్రం గురించి అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే ఉపాధ్యాయులు అక్కడ ఉంటారు.

సాయంత్రం గేటు దగ్గర బాబు వింటుండగా ‘ఇవాళ ఏం గొడవ చేశాడు?’ అని అడగవద్దు. మాటలు సరిగా రాని పిల్లలకూ మాటలు అర్థమవుతాయి. ఒక నోటుబుక్కు బ్యాగులో పెట్టి, ఏది బాగా జరిగిందో, ఎక్కడ ఇబ్బంది పడ్డాడో రెండు ముక్కలు రాయమని టీచరును కోరండి. దసరా సెలవుల్లో ఆ నోటుబుక్కు, జూన్‌లో ఇచ్చిన కాగితం పక్కపక్కన పెట్టుకుని చదవండి. కొన్ని వాక్యాలు అప్పటికే పాతబడి ఉంటాయి. వాటిని కొట్టేసి, కొత్తగా నేర్చినవి చేర్చి, సెలవుల తర్వాత మొదటి రోజే టీచరుకు ఇవ్వండి. పై తరగతికి వెళ్లేటప్పుడు కొత్త టీచరుకూ ఒక కాపీ అందాలి.