కంఠస్వరమును భద్రపరచుట

విజయనగరమున 1919లో మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి ప్రిన్సిపాలు. ఆ యేటనే ద్వారం వేంకటస్వామినాయుడుగారు అచ్చట ఫిడేలు ఆచార్యులుగా చేరిరి. దాసుగారి హరికథ గంటల తరబడి సాగెడిది. నాయుడుగారి ఫిడేలు గ్రామఫోను రికార్డుల కెక్కినది. కాని నాటి పది అంగుళముల రికార్డు నిమిషమునకు 78 మార్లు తిరుగుచు, ఒక ప్రక్క దాదాపు మూడు నిమిషములు మాత్రమే పలుకును. ఎంత విస్తారమైన రాగమైనను ఆ మూడు నిమిషములలో ఒదుగవలసినదే!

నేడు ఆ నిర్బంధము తొలగినది. ఇంటిలోని కంప్యూటరుకు ఒక మైకును తగిలించినచో రాత్రియంతయు రికార్డు చేయవచ్చును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో జముకులకథ పుట్టి పెరిగినది. జముకు ఒక ప్రక్క చర్మముతో మూసిన వాద్యము. ఆ చర్మమునకు కట్టిన తంత్రిని బిగించుచు, సడలించుచు మీటుదురు. అట్టి కథకుడొకడు, ఎనుబదియేండ్ల వృద్ధుడు, మనుమని యింట కూర్చుండి కథ నెత్తుకొనెననుకొందము. మరల పాడుమని అడుగుటకు అవకాశము కలుగునో లేదో! రికార్డు చేయుటకు ఆ మనుమడు ఏ సాఫ్టువేరును ఎన్నుకొనవలెను?

పలువురు తెరమీది హంగులను చూచి మోసపోవుదురు. చూడవలసినది వేరొకటి. పాట నడుచుచుండగా కరెంటు పోయినచో, అంతవరకు పాడినది దక్కునా? దీనిని ఇతరుల నడుగుటకంటె స్వయముగా పరీక్షించుట మేలు. తాత రాకముందే పది నిమిషములు ఏదైనను చదివి రికార్డు చేసి, సాఫ్టువేరును అర్ధాంతరముగా మూయించి, తిరిగి తెరచి చూడవలెను. ఈ పరీక్షకు నిలువనిది ఎంత వెలగలదైనను పనికిరాదు.

వెల లేకుండ లభించువానిలో ఆడాసిటీ ప్రసిద్ధమైనది. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డామినిక్ మజ్జోని, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు దీని నారంభించిరి. 2000 మే నెలలో లోకమునకు విడుదలయ్యెను. నడుమ ఆగిపోయినచో, మరల తెరచినపుడు పోయినదానిని కూర్చి యిచ్చు ఏర్పాటు దీనియందు కలదు. అయినను దోషరహితమని చెప్పరాదు. 2021కి పూర్వము దీనిలో ఒక చిన్న ఫైలును, ధ్వనియంతయు దాచిన వేరొక ఫోల్డరును ఉండెడివి. తెలియనివారు చిన్న ఫైలును మాత్రమే వేరొక కంప్యూటరునకు మార్చుకొని, పిదప తెరచి చూచి, ధ్వని లేకపోవుటకు నివ్వెరపోయెడివారు. 2021లో వచ్చిన మూడవ రూపమున అంతయు ఒకే ఫైలుగా చేర్చిరి.

తరువాత దాచు రూపమును విచారింపవలెను. కంప్యూటరు ధ్వనిని క్షణక్షణము కొలిచి అంకెలుగా వ్రాసికొనును. సాధారణముగా సెకనునకు 44,100 కొలతలు. వేవ్ ఫైలులో ఈ అంకెలన్నియు చెక్కుచెదరక నిలుచును. ఒకే మైకుతో చేసిన గంటసేపటి పాటకు సుమారు 317 మెగాబైట్ల చోటు పట్టును. ఎంపీత్రీ చేసినచో సుమారు 58 మెగాబైట్లలో ఇముడును గాని, చెవి గుర్తింపదని యెంచిన భాగమును అది విడిచిపెట్టును. విడిచినది తిరిగి రాదు. మిత్రులకు పంపుటకు ఎంపీత్రీ చాలును. మూలప్రతి మాత్రము వేవ్‌గానే ఉండవలెను. ఈ రూపమును చాల సాఫ్టువేరులు చదువగలవు గనుక, ఒకటి మూలబడినను మరియొకటి ఆదుకొనును.

సాఫ్టువేరులో ధ్వని పరిమాణమును చూపు కొలమాని స్పష్టముగా కనబడవలెను. ఇది చిన్న విషయమువలె తోచును. కాని తప్పెటగుళ్ళవారు రొమ్ముపైని తప్పెటను గట్టిగా వాయించినపుడు, కొలమాని పైయంచును తాకినచో ఆ ధ్వని తరంగముల కొనలు తెగిపోవును. తెగినదానిని తరువాత ఉన్నదున్నట్లు అతికించుట యసాధ్యము. కొంత ఖాళీ విడిచి మెల్లగా రికార్డు చేసినచో, పిదప హెచ్చించుకొనవచ్చును.

పాట ముగిసి, తాత మంచినీళ్ళు త్రాగుచుండగనే మనుమడు మూలప్రతికి రెండు నకళ్ళు తీయవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరమును దాటి, శ్రీకాకుళము జిల్లాలో ఇండ్లను, తోటలను కూల్చివేసినది. కాబట్టి రెండు నకళ్ళలో నొకటి వేరొక ఊరి బంధువుల యింట ఉండవలెను.