మీ రిటైర్మెంట్ తేదీ మీరే లెక్కగట్టండి

‘రిటైర్మెంట్ ఎప్పుడండీ?’ అని అడిగితే చాలామంది ‘ఇంకో మూణ్నాలుగేళ్లుందిలెండి’ అంటారు. అది జవాబు కాదు. తేదీ చెప్పగలగాలి. తేదీ ఎదురుగా కనబడితేనే మనసు ఏర్పాట్ల మీదికి మళ్లుతుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులనే తీసుకోండి. సాధారణంగా 60 ఏళ్లు నిండిన నెల ఆఖరి రోజున పదవీ విరమణ. ఒకటో తేదీన పుట్టినవారు మాత్రం అంతకుముందు నెలాఖరుకే దిగిపోవాలి. 1968 జులై 2న పుట్టినాయన 2028 జులై 31 దాకా పనిచేస్తారు. జులై 1న పుట్టిన పక్క సీటాయనకు జూన్ 30 ఆఖరు. ఒక్కరోజు తేడాకు నెల జీతం! బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన జులై 1తోనే సర్వీసంతా గడిపినవాళ్లు మనలో ఎందరో.

ఎక్సెల్‌లో పుట్టినతేదీని బి2 గడిలో, విరమణ వయసును డి1లో వేసి, ఇలా రాయండి: =EOMONTH(B2-1, $D$1*12). ఐదంకెల సంఖ్య వస్తే కంగారొద్దు, ఫార్మాట్‌ను తేదీగా మార్చండి. కిటుకంతా ఆ మైనస్ ఒకటిలో ఉంది. జులై 1 అక్కడే జూన్ 30 అయిపోతుంది, జులై 2 జులైలోనే నిలుస్తుంది. షరతుల మీద షరతులు పేర్చే పనే లేదు. రూల్ చదివి అర్థం చేసుకున్నవారికే ఇంత పొట్టి ఫార్ములా తడుతుంది. అందుకే ముందు రూల్ చదవండి, తర్వాతే కీబోర్డు.

వయసుకు వేరే గడి ఎందుకంటారా? ఆంధ్రప్రదేశ్‌లో అది 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. మారేదాన్ని ఫార్ములాలో పాతేస్తే మారిన ప్రతిసారీ వెతుక్కోవాలి. మీ జీవిత ప్రణాళికలోనూ మారే అంకెల్ని ఇలాగే విడిగా రాసిపెట్టుకోండి.

తేదీ వచ్చాక ఫైలు మూసేయకండి. పక్క గడిలో ఇంటి అప్పు చివరి వాయిదా తేదీ వేసి, ఒకదాంట్లోంచి మరొకటి తీసేయండి. వాయిదాలు రిటైర్మెంట్ దాటిపోతుంటే, జీతం వస్తుండగానే బ్యాంకుకెళ్లి నెల వాయిదా పెంచే సంగతి మాట్లాడండి. ఈ లెక్కంతా పుట్టినతేదీ మీదే కాబట్టి, సర్వీసు పుస్తకంలో అది ఎలా ఉందో ఈ వారంలోనే చూసుకోండి.