వినుటకు తగిన ధ్వని ఫైలు నెన్నుకొనుట

ఒకే పాటను ఒకరు ఏబది మెగాబైట్ల ఫైలుగాను, వేరొకరు ఐదు మెగాబైట్ల ఫైలుగాను మనకు పంపుచుందురు. రెంటను గాయకుడొక్కడే, రాగమొక్కటే. అట్లయిన నింత భేదమేల? ఏది మేలు? ఇది తెలియనివారు పెద్దదే మంచిదని చోటును వ్యర్థపరతురు. లేదా చిన్నదే చాలునని, మరల దొరకనిదానిని పోగొట్టుకొందురు. కావున నీ విషయమును క్రమముగా విచారింతము.

ధ్వని యనగా గాలియందు కలుగు కంపనము. మైక్రోఫోను దానిని విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తును అతిస్వల్పకాలమున కొకమారు కొలిచి, కొలతలను సంఖ్యలుగా వరుసను వ్రాసిపెట్టుటయే డిజిటల్ ధ్వనిలేఖనము. మానవుని చెవి సెకనుకు సుమారు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను గ్రహించును. వయస్సు హెచ్చిన కొలది పై హద్దు తగ్గును. ఏ కంపనమునైనను సరిగా పట్టవలెనన్న, దాని సంఖ్యకు రెండింతలకు మించి కొలతలు తీయవలెనని శాస్త్రము. అందుచేతనే 1982లో విక్రయమునకు వచ్చిన కాంపాక్టు డిస్కునకు సెకనుకు 44,100 కొలతలు, కొలత కొకటింటికి 16 బిట్లు, కుడి యెడమలకు వేర్వేరుగా నియమింపబడెను.

ఇప్పుడు లెక్క చూడుడు. 44,100 × 16 × 2 = 14,11,200 బిట్లు. ఇది ఒక్క సెకనుకు. ఎనిమిది బిట్లొక బైటు గనుక, ఐదు నిమిషముల పాటకు సుమారు 53 మెగాబైట్లగును. ఈ సంఖ్యలను భద్రపరచు విధమును బట్టి ఫైళ్లు మూడు తెగలు.

(1) కుదింపు లేనివి. 1991లో మైక్రోసాఫ్ట్, ఐ.బి.యం. సంస్థలు వెలువరించిన వేవ్ ఫైలు ఇట్టిది. కొలతలన్నియు నున్నవున్నట్లే యుండును.

(2) నష్టము లేక కుదింపబడినవి. 2001లో వచ్చిన ఫ్లాక్ ఈ తెగలోనిది. దుప్పటిని మడచి పెట్టెలో నుంచినను, విప్పగానే దారమైనను తగ్గక యుండునట్లు, ఈ ఫైలును విప్పినప్పుడు మొదటి సంఖ్యలే మరల వచ్చును. సంగీతమును బట్టి పరిమాణము తరచుగా సగమునకు గాని, సగమునకు కొంచెము పైగా గాని దిగును.

(3) నష్టముతో కుదింపబడినవి. ఎం.పి.3, ఏ.ఏ.సి., ఓపస్ అనునవి యీ తెగవి. డోలు గట్టిగా మ్రోగు క్షణమున దాని ప్రక్కనున్న మెల్లని సవ్వడి చెవికి సోకదు గదా! అట్లు సోకని భాగములను తక్కువ వివరముతో వ్రాయుట, లేదా విడిచివేయుట వీని యుపాయము. జర్మనీ దేశపు ఫ్రాన్‌హోఫర్ సంస్థకు చెందిన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ మొదలగువారు ఎం.పి.3ను సిద్ధపరచునపుడు, సుజాన్ వేగా యను గాయని వాద్యము లేక పాడిన పాటతో దానిని పరీక్షించిరి. ఏలయన ఒంటి కంఠమునందలి లోపము దాగదు. సెకనుకు 1,28,000 బిట్ల ఎం.పి.3లో మన ఐదు నిమిషముల పాట 4.8 మెగాబైట్లే. బిట్లను మరీ తగ్గించినచో ముందుగా చెడునవి తాళముల ఝంకారము, చప్పట్లు, స, శ, ష లను ఊదు ధ్వనులు.

ఇందు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన దొకటి కలదు. వడ్లు దంచి ఊక చెరిగిన పిమ్మట బియ్యము మరల వడ్లు కావు. అట్లే ఎం.పి.3ను ఫ్లాకుగా మార్చినను పోయిన ధ్వని తిరిగి రాదు. ఫైలు మాత్రము పెరుగును. బియ్యమును మరల మరల దంచిన నూకలగునట్లు, నష్టముతో కుదించినదానినే మరల కుదించిన ధ్వని యింకను చెడును.

అయిన మన మేమి చేయవలెను? అవ్వ పాడిన ఊయలపాట, తాతగారు చెప్పిన కథ, పాఠశాల వార్షికోత్సవమున పిల్లలు పాడిన గీతము మొదలగు మరల దొరకని వానిని వేవ్‌గా గాని ఫ్లాకుగా గాని దాచి, రెండు వేర్వేరు చోట్ల నుంచవలెను. నిత్యము వినుటకు వానినుండి చిన్న ప్రతి చేసికొనవచ్చును. సంగీతమునకు సెకనుకు 2,56,000 బిట్ల ఏ.ఏ.సి. గాని, 3,20,000 బిట్ల ఎం.పి.3 గాని సామాన్యముగా చాలును. ప్రసంగములకు, పాఠములకు 2012లో ప్రమాణముగా వెలువడిన ఓపస్ 32,000 బిట్లతోనే స్పష్టముగా నుండును. తీగలేని బ్లూటూత్ ఇయర్‌ఫోనులు సాధారణముగా ధ్వనిని మరల నష్టముతో కుదించియే పంపును గనుక, వానితో వినువారికి పెద్ద ఫైలువలన లాభము స్వల్పము.

ఇతరుల మాట నమ్మక మీ చెవినే పరీక్షింపుడు. మిత్రుని చేత రెండు ఫైళ్లను, ఏది యేదో చెప్పకుండ, పదిమార్లు వినిపింపజేయుడు. ఐదారు మార్లు మాత్రమే సరిగా చెప్పగలిగినచో అది యూహయే గాని వినికిడి కాదు. అప్పుడు చిన్న ఫైలే మీకు తగినది.

అభ్యాసము: ఒక గంట ప్రసంగము సెకనుకు 32,000 బిట్ల ఫైలులో నెన్ని మెగాబైట్లగును? కుదింపు లేని కాంపాక్టు డిస్కు లెక్కను ఎన్నగును? రెంటిని పోల్చి, ఏది దాచదగినదో, ఏది పంపదగినదో కారణములతో వ్రాయుడు.