ఆటిజం ఉన్న పిల్లల కంటికి కదలిక

కిందటేడు వార్షికోత్సవానికి మా గదిలో ఉండే మిత్రుడి తమ్ముడు వాళ్లమ్మతో కోనసీమ నుంచి రాజమండ్రి వచ్చాడు. అతనికి ఆటిజం. గ్రౌండులో మేం విసిరిన బంతి ఒక్కటీ పట్టలేదు. "ఒరేయ్, చూసి పట్టరా!" అని నవ్వాం. ఆ రాత్రి మా మిత్రుడు అన్నం తినలేదు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాం.

చూడటం కంటి పనే అనుకుంటాం. కానీ కదలికను పోల్చుకునేది మెదడు. 1973లో స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ మనిషి కీళ్ల దగ్గర మెరిసే బిళ్లలు పెట్టి, అవి మాత్రమే కనిపించేలా చిత్రం తీశాడు. కదలకుండా ఉంటే అవి వట్టి చుక్కలే. నడవగానే మనిషి! కరెంటు పోయిన ఒక రాత్రి మేమూ చేసి చూశాం. సైకిళ్లకు వేసే రేడియం స్టిక్కర్లు మోచేతులకు, మోకాళ్లకు, చీలమండలకు అంటించి వరండాలో ఒకణ్ణి నడిపించాం. టార్చి కంటి పక్కనే పట్టుకోవాలి, లేకపోతే మెరవవు. (వార్డెన్ గారితో సైన్సు ప్రయోగం అని చెప్పాం. అబద్ధం కాదుగా!)

ఆటిజం ఉన్న పిల్లలకు ఇలా చుక్కల్లో మనిషిని పోల్చుకోవడం కష్టమని 2003లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన చెప్పింది. తర్వాతివాటిలో అందరి విషయంలోనూ అలా తేలలేదు. 2013లో అక్కడే మరో పరీక్ష జరిగింది. నలుపు తెలుపు చారలు ఎడమకు కదిలాయా, కుడికా చెప్పాలి. చారలు కొట్టొచ్చినట్టు కనిపించినప్పుడు ఆటిజం ఉన్న పిల్లలే రెట్టింపు త్వరగా పోల్చుకున్నారు! కంటికి అందే సమాచారానికి మెదడు వేసే బ్రేకు వాళ్లలో వేరుగా పనిచేస్తుందేమోనని పరిశోధకులు భావించారు. వెలుగూ హోరూ కొందరు భరించలేకపోవడానికీ ఇలాంటిదే కారణం కావచ్చు.

మరి బంతి? బంతి ఉన్నచోట చెయ్యి పెడితే దొరకదు, రాబోయే చోట పెట్టాలి. ఆటిజంలో ఈ ముందస్తు అంచనాయే కష్టమవుతుందేమోనని 2014లో ఎం.ఐ.టి.కి చెందిన పవన్ సిన్హా బృందం ప్రతిపాదించింది. అది ఇంకా ప్రతిపాదనే. మేం "చూసి పట్టరా" అన్నామే, అతను చూడలేదని మాకెవరు చెప్పారు?

దసరా సెలవుల్లో వాళ్లూరు వెళ్లాం. ముందుగా చెప్పి, బంతిని నేలమీద మెల్లగా దొర్లించాం. మూడోసారి కాలితో ఆపాడు. తర్వాత కాలవ గట్టున కూర్చుని, కొట్టుకుపోతున్న గుర్రపుడెక్కను చాలాసేపు చూశాడు. మేమూ పక్కనే కూర్చున్నాం.